పలకని అక్షరం

రాతి మీద అక్షరానికి ఇంత అని నా లెక్క.
చావు జరిగిన ఇంటివాళ్లు రేటు దగ్గర బేరమాడరు,
అక్షరాలు తగ్గిస్తారు.
'ప్రియమైన భర్త'లో ముందు పోయేది ప్రియమే.

విల్మార్ ఎచెగోయెన్ పోయిన పదకొండో రోజున
ఇరసేమా ఒక్కతే వచ్చింది.
చంకలో ఫ్లాస్కు, చేతిలో మాతే బుర్ర.
జూలై చలి. ఉరుగ్వాయ్ నది మీంచి ఈడ్చి కొడుతున్న గాలి.
తను తాగి, మళ్లీ వేడినీళ్లు పోసి,
బుర్ర నా చేతికిచ్చింది.
"పేరు, రెండు తేదీలు.
కింద ఒక్క మాట. ఇంచా."

ఏ క్లబ్బుకో రాయొద్దా, అన్నాను.
"ఈ ఊళ్లో ఎవడికి తెలీదు?"

ఆరక్షరాల మాట. మొదట్లో ఒక 'హ' ఉంటుంది,
రాస్తాం, పలకం.
బళ్లో దాన్ని మరిచిపోయి
నేను తిన్న మొట్టికాయలు ఇప్పటికీ లెక్క చెప్పగలను.

మొదట్లో ఊదేవాడని అర్థం.
వెనకటికి రాజధానిలో ఒక తోలుపనివాడు
క్లబ్బు బంతుల్లోకి గాలి నింపేవాడట,
మిగిలిన ఊపిరంతా ఆటవేళ గీత పక్కన నిలబడి
అరిచి ఖర్చు పెట్టేవాడట.
ఎవడ్రా ఆ గొంతు అంటే
ఆ ఊదేవాడే, అన్నారట.
అన్నీ అటలే. నేను చూడలేదు.

విల్మార్‌ని చూశాను.
నలభై ఒక్క ఏళ్లు బరాంకాస్ బంతులకు గాలి కొట్టాడు.
సైకిలు పంపు. సూదిని నాలుక మీద తడిపి గుచ్చేవాడు,
బొటనవేలితో నొక్కి చూసేవాడు
అత్తిపండు మగ్గిందో లేదో చూసినట్టు.
మూడో డివిజన్ జట్టు. వాన పడితే చూసేవాళ్లు పదముగ్గురు,
అందులో ఇద్దరు గోల్‌కీపర్ మేనత్తలు.

ఇప్పుడా మాటకి బంతితో పనిలేదు.
"నేను వానకి ఇంచాని" అంటాడు మాంసం కొట్టు నెరెయో,
షట్టరు దించి పడుకోవచ్చుగా.
"మా అల్లుడికి మాత్రం ఇంచాని కాను"
రొట్టెలు తూస్తూ దోరిల్దా.
అదే మాటని క్రియ చేశారా, తిట్టు.
నన్ను ఊదకు అంటే
చెవిలో జోరీగవై నా ప్రాణం తియ్యకు అని.

కాపురమంతా ఇరసేమా వాడింది ఆ రెండో అర్థమే.
ఆదివారాలు నిప్పుల మీది మాంసం బొగ్గవుతుంటే,
కూతురి బాప్తిజం నాడు చర్చి వెనక
అతను రేడియో చెవికి అదుముకుని కూర్చుంటే,
"ఊదకు విల్మార్, నన్ను ఊదకు."

మాతే చల్లారింది. ఆమె లేవలేదు.
"ఆసుపత్రిలో ఒక ప్లాస్టిక్ డబ్బా ఇచ్చారు,
గొట్టంలోంచి పీలిస్తే
లోపల మూడు బంతులు లేవాలట.
నాలుగు రోజులు ఒక్కటీ కదల్లేదు.
అయిదో రోజు ఒకటి లేచింది.
ఒకటి సున్నా, అన్నాడు, గెలిచాం."
బుర్రలో ఆకు కలియబెట్టింది.
"రెండోదాని కోసం నేను అరిచాను.
మంచం కమ్మీ పట్టుకుని, గొంతు చిరిగేలా.
నర్సు పరుగెత్తుకొచ్చింది, ఎవరో పోయారనుకుని."

లేచిందా అని నేనడగలేదు.

నేను వాగు అవతలి క్లబ్బు వాణ్ణి.
విల్మార్ ఆ గీత పక్క నుంచి మా అమ్మని
ఎన్ని ఆదివారాలు తలుచుకున్నాడో.
పలకని అక్షరానికి డబ్బు తీసుకోలేదని
ఊళ్లో చెప్పుకుంటున్నారు, అబద్ధం.
ఆరింటికీ తీసుకున్నాను.
ఎనభై తొమ్మిదో నిమిషంలో మాకు రావాల్సిన పెనాల్టీ
నేనింకా మరిచిపోలేదు.

ఆమె వెళ్లాక ఉలి పట్టాను.
ఆ మొదటి అక్షరం, రెండు నిలువులు ఒక అడ్డం,
పెద్ద పనేం కాదు.
గాడి నిండా రాతిపొడి నిలిచింది.
కుంచె దొరకలేదు.
వంగి, ఊదాను.